ఆళ్ళగడ్డ ఎన్నిక

కర్నూలు నుండి కడపకు పోవు రాజమార్గమున నంద్యాల, ఆళ్ళగడ్డ అను రెండు పట్టణములు కలవు. వీని నడుమ దూరము సుమారు నలువది కిలోమీటర్లు. తూర్పున నల్లమల కొండలు నీలపు గోడవలె సాగుచుండును. పడమట కుందూనది పారును. కర్నూలు-కడప కాలువ పారినంతమేర వరి విరివిగా పండును. నంద్యాల చుట్టును నవనందులను పేర తొమ్మిది శివక్షేత్రములున్నవి. ఆళ్ళగడ్డకు ఆవల, కొండలలో అహోబిల నరసింహుడు వెలసియున్నాడు. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన దేవతామూర్తులను దూరప్రాంతములవారు సైతము వచ్చి కొనిపోవుదురు. ఈ రెండు పట్టణములును చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినవి.

క్షేత్రములకే కాదు, ఎన్నికలకును ఈ సీమ పేరొందినది. 1977లో ఆంధ్రప్రదేశమునందలి 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసు పక్షమునకు దక్కగా, మిగిలిన ఒక్కటియు నంద్యాల. అచట గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ సంవత్సరమే మొదట లోకసభాధ్యక్షుడును, పిదప రాష్ట్రపతియు నయ్యెను. 1991లో ప్రధానిగానున్న పి.వి. నరసింహారావు ఇచట జరిగిన ఉపయెన్నికలో అయిదు లక్షల ఎనుబది వేలకు మించిన ఆధిక్యముతో గెలిచెను. తెలుగువాడు ప్రధాని అయినాడను అభిమానముతో నాడు తెలుగుదేశము పక్షము పోటీకి అభ్యర్థిని నిలుపలేదు.

అయినను ఎన్నికల చట్టమును చదువువారు నేటికిని తలచుకొనవలసిన ఎన్నిక వేరొకటి కలదు. అది 2014లో ఆళ్ళగడ్డ శాసనసభ స్థానమునకు జరిగినది. ఆ ఎన్నికలో గెలిచిన అభ్యర్థి పోలింగునాటికి జీవించి లేదు. ఆమె పేరు శ్రీమతి భూమా శోభా నాగిరెడ్డి.

శోభ 1968లో జన్మించెను. ఆమె తండ్రి ఎస్.వి. సుబ్బారెడ్డి శాసనసభ్యుడుగా, రాష్ట్రమంత్రిగా పనిచేసినవాడు. వచ్చిపోవు జనముతో నిత్యము కిటకిటలాడు ఇంట పెరిగిన బాలికకు ఓటు, సభ, అర్జీ అను మాటలు క్రొత్తవి కావు. 1986లో ఆమెకు భూమా నాగిరెడ్డితో వివాహము జరిగెను. మెట్టినింటను రాజకీయమే. నాగిరెడ్డి అన్న భూమా శేఖరరెడ్డి 1989లో తెలుగుదేశము పక్షమున ఆళ్ళగడ్డనుండి శాసనసభకు ఎన్నికయ్యెను. ఆయన పదవీకాలము ముగియకుండనే మరణించెను. 1992లో జరిగిన ఉపయెన్నికలో తమ్ముడైన నాగిరెడ్డి ఆ స్థానమునకు వచ్చెను. 1994లో మరల గెలిచెను.

1996 సార్వత్రిక ఎన్నికలలో నాగిరెడ్డి నంద్యాల లోకసభ స్థానమున సాక్షాత్తు ప్రధాని నరసింహారావుతో తలపడి ఓడెను. కాని నరసింహారావు ఒడిశాలోని బరంపురమునుండియు ఎన్నికై, ఆ స్థానమును ఉంచుకొని నంద్యాలను వదలుకొనెను. అప్పుడు జరిగిన ఉపయెన్నికలో నాగిరెడ్డి గెలిచి లోకసభలో ప్రవేశించెను. ఒకే వ్యక్తి పార్లమెంటునందును, రాష్ట్ర శాసనసభయందును సభ్యుడుగా నుండరాదని మన రాజ్యాంగము చెప్పుచున్నది. నిర్ణీతమైన పదునాలుగు దినములలో రాష్ట్రసభలోని స్థానమును విడువనిచో పార్లమెంటులోని స్థానమే పోవును. కావున ఆళ్ళగడ్డ మరల ఖాళీ అయినది. 1997లో జరిగిన ఉపయెన్నికలో శోభ అభ్యర్థిగా నిలిచి గెలిచెను. అప్పటికామెకు ముప్పది యేండ్లు నిండలేదు. ముగ్గురు బిడ్డల తల్లి.

అన్న స్థానము తమ్మునికి, భర్త స్థానము భార్యకు సంక్రమించుటను చూచి, శాసనసభ స్థానము ఇంటి ఆస్తియా యని ప్రశ్నించువారు నాడును కలరు, నేడును కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆళ్ళగడ్డ ఓటర్లే సమాధానము చెప్పవలసియుండెను. వారు ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా చెప్పిరి. 1999లో శోభను మరల గెలిపించిరి. 2004లో కాంగ్రెసు పక్షమును గెలిపించి ఆమెను ఇంటికి పంపిరి. ఆ యేడాదియే నంద్యాలలో నాగిరెడ్డియు ఓడెను. ఏ ఇంటి పేరు చెప్పినను తలయూపు జనము కారు వారు.

తెలుగుదేశములో నుండగా శోభ ఆ పక్షపు ప్రధాన కార్యదర్శులలో ఒకరుగా పనిచేసెను. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షురాలుగా కూడ నుండెను. పల్లెకు బస్సు వచ్చుట యనగా బడికి పోవు పిల్లకు, ఆసుపత్రికి పోవు గర్భిణికి, సంతకు పోవు రైతుకు త్రోవ దొరకుట. రాష్ట్రమంతట అట్టి త్రోవలను నడపు సంస్థకు ఒక స్త్రీ పెద్దగా నుండుట ఆ దినములలో అరుదు.

2009 ఎన్నికలకు ముందు ఆ దంపతులు క్రొత్తగా వెలసిన ప్రజారాజ్యము పక్షములో చేరిరి. ఆ పక్షమునకు రాష్ట్రమందలి 294 స్థానములలో 18 మాత్రమే దక్కినవి. వానిలో ఆళ్ళగడ్డ యొకటి. శోభ స్వల్పమైన ఆధిక్యముతో బయటపడెను. రెండేండ్లు గడచునప్పటికి ప్రజారాజ్యము కాంగ్రెసులో విలీనమగుటకు సిద్ధపడెను. ఆమె అందులకు సమ్మతింపక, 2011లో స్థాపింపబడిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు వైపు మొగ్గెను.

ఇచట చట్టములోని మరియొక అంశము అడ్డువచ్చినది. ఒక పక్షము గుర్తుపై గెలిచినవారు ఆ పక్షము ఆజ్ఞను మీరి సభలో ఓటు వేసినచో సభ్యత్వము కోల్పోవుదురని 1985లో రాజ్యాంగమునకు చేసిన సవరణ చెప్పుచున్నది. ఈ ఆజ్ఞనే 'విప్' అందురు. 2011 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానము వచ్చినప్పుడు శోభ తీర్మానమును బలపరచుచు ఓటు వేసెను. 2012లో సభాపతి ఆమెను, అట్లే ఓటు వేసిన పదునారుగురు కాంగ్రెసు సభ్యులను అనర్హులుగా ప్రకటించెను. ఆ జూను నెలలో ఉపయెన్నిక జరిగెను. మూడేండ్ల క్రిందట స్వల్పాధిక్యముతో గెలిచిన ఆమె ఈసారి ముప్పదివేలకు మించిన ఆధిక్యముతో గెలిచెను. సభనుండి వెడలింపబడిన సభ్యురాలిని ఓటర్లు మరల సభకు పంపిరి. చట్టము తన పని తాను చేసెను. ఓటరు తన పని తాను చేసెను. ఒకటి రెండవదానిని త్రోసిపుచ్చలేదు.

రెండేండ్లు తిరుగకముందే 2014 సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. రాష్ట్రము రెండుగా విడిపోనున్న కాలమది. శోభ ఆళ్ళగడ్డలోను, నాగిరెడ్డి నంద్యాల శాసనసభ స్థానమునందును వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున అభ్యర్థులుగా నిలిచిరి. ఏప్రిల్ 19వ తేదీతో నామపత్రముల దాఖలు ముగిసినది. 23వ తేదీ ఉపసంహరణకు చివరి దినము. ఆ సాయంకాలముతో పోటీలో నున్నవారి జాబితా ఖరారైనది. పోలింగు మే 7వ తేదీన.

ఆ 23వ తేదీ రాత్రియే నంద్యాలలో ఆ పక్షపు ప్రచారసభ జరిగెను. సభ ముగిసిన పిదప శోభ కారులో ఆళ్ళగడ్డకు బయలుదేరెను. ఆమె లెక్కలేనన్నిసార్లు తిరిగిన త్రోవ అది. ఏప్రిలు నెల కోతలకాలము. కల్లములు చాలని రైతులు తారురోడ్డుపై ధాన్యము ఆరబోసి, రాత్రివేళ కుప్పచేసి, దానిచుట్టు రాళ్ళు పేర్చుట ఆ ప్రాంతమున వాడుక. పగటివేళ దూరమునుండి కనబడు కుప్ప, చీకటిలో దగ్గరకు వచ్చువరకు కనబడదు. ఆళ్ళగడ్డ ఇంక కొద్దిదూరమున్నదనగా రోడ్డుపై నున్న అట్టి కుప్పను తప్పింపబోవగా కారు అదుపు తప్పి బోల్తాపడెను. తీవ్రముగా గాయపడిన ఆమెను నంద్యాల ఆసుపత్రికి, అచటినుండి హైదరాబాదుకు కొనిపోయిరి. మరునాడు, ఏప్రిల్ 24వ తేదీన, ఆమె మరణించెను. రాష్ట్రములోని బస్సులనన్నిటిని నడపు సంస్థకు ఒకనాడు పెద్దగా నున్నామె రోడ్డు ప్రమాదములో పోయెను.

ధాన్యము ఆరబోసిన రైతును నిందించుట తేలిక. ఆరుగాలము శ్రమించి పండించిన గింజ తడిసి మొలకెత్తకుండ కాపాడుకొనుటకు అతనికి చదునైన చోటు ఆ రోడ్డు తప్ప వేరొకటి లేకపోయినది. ఊరూర సిమెంటు కల్లములు ఉండినచో రోడ్లపై గింజ పడియుండదు. ఇది ఒక్క ఆళ్ళగడ్డ మాట కాదు.

ఇంతలో క్లిష్టమైన ప్రశ్న యొకటి పుట్టినది. అభ్యర్థి మరణించినది, ఎన్నిక జరుగవలెనా, ఆగవలెనా?

దీనికి సమాధానము 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 52వ విభాగమున నున్నది. పూర్వము ఆ విభాగము ప్రకారము, పోటీచేయుచున్న ఏ అభ్యర్థి మరణించినను, అతడు ఏ పక్షమునకును చెందని స్వతంత్రుడైనను, ఎన్నికను రద్దుచేసి మొదటినుండి జరుపవలసియుండెడిది. చూచుటకు ఇది న్యాయముగనే కనబడును. కాని ఇరువదిమంది, ముప్పదిమంది స్వతంత్రులు పోటీకి దిగు కాలము వచ్చుసరికి చిక్కు బయటపడెను. వారిలో ఏ ఒక్కరు మరణించినను నియోజకవర్గమంతటను ఎన్నిక నిలిచిపోవును. అంతకంటె భయంకరమైనది మరియొకటి కలదు. ఎన్నిక జరుగుట ఇష్టములేని దుర్మార్గుడు, కాపుదల లేని ఒక స్వతంత్ర అభ్యర్థి ప్రాణము తీసినచో చాలును. లక్షమంది ఓటర్ల నోరు మూయవచ్చును. చట్టమే హంతకునికి కోరిక కలిగించినట్లగుచున్నది. అందువలన 1996లో ఆ విభాగమును మార్చిరి. గుర్తింపు పొందిన రాజకీయపక్షము నిలిపిన అభ్యర్థి మరణించినప్పుడు మాత్రమే పోలింగు వాయిదాపడును. ఆ పక్షమునకు వేరొక అభ్యర్థిని నిలుపుటకు ఏడు దినముల గడువిత్తురు. మిగిలినవారి విషయమున పోలింగు నిర్ణయించిన దినముననే జరుగును.

వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అప్పటికి రాష్ట్రములోని పెద్ద పక్షములలో ఒకటి. ఉపయెన్నికలలో ఎన్నో స్థానములు గెలిచినది. అయినను ఎన్నికల సంఘము దృష్టిలో అది నమోదైన పక్షమే కాని, గుర్తింపు పొందిన పక్షము కాదు. ఏలయనగా గుర్తింపు సార్వత్రిక ఎన్నికలలో వచ్చిన ఓట్లను, స్థానములను బట్టి లభించును. 2011లో పుట్టిన పక్షమునకు 2014 వరకు రాష్ట్రములో సార్వత్రిక ఎన్నికయే ఎదురుకాలేదు. కావున చట్టము ప్రకారము ఆళ్ళగడ్డ పోలింగు ఆగలేదు. ఉపసంహరణ గడువు ముందటి దినముననే ముగిసినందున వేరొకరిని అభ్యర్థిగా చేర్చుటకును వీలు లేకపోయెను. ఓటింగు యంత్రముపై శోభా నాగిరెడ్డి పేరు, ఆమె గుర్తు అట్లే నిలిచినవి.

మరి ఆ పేరునకు ఎదురుగా ఓటరు మీట నొక్కినచో ఆ ఓటు ఏమగును? ఈ విషయమున కొన్ని దినములు గందరగోళము చెలరేగెను. మృతురాలికి పడిన ఓటు చెల్లదని కొందరనిరి. 'పైవారెవరును కారు' అని చెప్పు మీట ఆ ఎన్నికలనాటికి క్రొత్తగా యంత్రములలో చేరియుండెను. ఆమె ఓట్లను ఆ ఓట్లతో కలిపి లెక్కింపవలెనని మరికొందరనిరి. అట్లయినచో ఆమెకు ఎన్ని ఓట్లు వచ్చినను, తరువాత నిలిచిన అభ్యర్థియే గెలిచినట్లగును. తుదకు స్థిరపడిన నిర్ణయమిది: ఆమెకు పడిన ఓట్లు చెల్లును, అధికసంఖ్య ఆమెకే వచ్చినచో ఆమెనే గెలిచినట్లు ప్రకటింతురు, ఆ తరువాత ఆ స్థానము ఖాళీ అయినట్లు ఎంచి ఉపయెన్నిక జరుపుదురు.

ఈ నిర్ణయములోని సూక్ష్మమును గమనింపవలెను. చనిపోయిన వ్యక్తి సభలో కూర్చుండజాలదు. ఆ సంగతి ఎవ్వరును కాదనలేదు. తగవు ఆమె హక్కును గూర్చి కాదు, ఓటరు హక్కును గూర్చి. జాబితాలో చట్టబద్ధముగా నున్న పేరునకు వేసిన ఓటును లెక్కనుండి తీసివేసినచో, ఆ ఓటరు పోలింగునాడు ఇంట కూర్చున్నట్లే యగును. అతడు ఎండలో వరుసలో నిలిచెను. వ్రేలికి సిరా గుర్తు వేయించుకొనెను. తన మనసులోని మాట మీటపై నొక్కెను. ఆ మాటను వినుటకు ఒప్పుకొనుటయే ఈ నిర్ణయములోని సారము. రాయలసీమ పల్లెలలో ముఠాకక్షలవలన ఎన్ని కుటుంబములు చితికిపోయినవో అచటి పెద్దలకు తెలియును. అట్టి సీమలో తగవును కత్తితో కాక ఓటుతో తీర్చుకొనుడని జనులకు చెప్పవలెననిన, వేసిన ప్రతి ఓటును తప్పక లెక్కింతుమను నమ్మకము వారికి ముందు కలుగవలెను.

ఇట్టి సంఘటన ఇతర దేశములలోను జరిగినది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునకు గవర్నరుగానున్న మెల్ కార్నహన్ 2000 సంవత్సరమున సెనేటుకు పోటీచేయుచు, పోలింగునకు మూడువారముల ముందు విమానప్రమాదములో మరణించెను. పేరు మార్చుటకు గడువు మించిపోయినందున ఓటుపత్రముపై ఆయన పేరే నిలిచెను. ఓటర్లు ఆయననే గెలిపించిరి. అచటి పద్ధతి ననుసరించి, ఖాళీ అయిన ఆ స్థానమున ఆయన భార్య జీన్ కార్నహన్‌ను నియమించిరి. రెండేండ్ల తరువాత ఎన్నిక వచ్చినప్పుడు ఆమె ఓడిపోయెను. మన దేశమున శాసనసభ స్థానమున అట్లు నియమించు వీలు లేదు; ఖాళీని తిరిగి ఓటరే నింపవలెను.

మే 7వ తేదీన ఆళ్ళగడ్డలో పోలింగు యథావిధిగా జరిగెను. మే 16న లెక్కింపు. శోభా నాగిరెడ్డికి తన సమీప ప్రత్యర్థికంటె పదునేడువేలకు పైగా ఓట్లు అధికముగా వచ్చినవి. ఆమె గెలిచినట్లు ప్రకటించిరి. నంద్యాలలో నాగిరెడ్డియు గెలిచెను. భర్త ప్రమాణము చేసి సభలో కూర్చుండెను. భార్య పేరు గెలిచినవారి జాబితాలో మాత్రము నిలిచెను.

ఆ ఓట్లు ఆమెపై జాలితో పడినవా, ఆమె పక్షముపై అభిమానముతో పడినవా, ప్రత్యర్థిపై కోపముతో పడినవా యని తరువాత పలువురు చర్చించిరి. యంత్రము ఓటును లెక్కించును గాని కారణమును లెక్కింపదు. వృద్ధురాలు ఒకతె కన్నీరు తుడుచుకొనుచు మీట నొక్కియుండవచ్చును. ఆమె ప్రక్కనే నిలిచిన యువకుడు రాష్ట్రములో ఏ ప్రభుత్వము రావలెనో ఆలోచించి నొక్కియుండవచ్చును. చట్టమునకు ఆ యిద్దరును సమానులే.

ఖాళీ అయిన స్థానమునకు ఆరునెలలలోగా ఉపయెన్నిక జరుపవలెనని నియమము. 2014 చివరి నెలలలో ఆ ప్రకటన వెలువడెను. శోభ పెద్దకూతురు అఖిలప్రియ నామపత్రము దాఖలుచేసెను. దుఃఖములో నున్న కుటుంబముపై పోటీ చేయరాదని ప్రధాన ప్రతిపక్షములు అభ్యర్థులను నిలుపలేదు. ఆమె పోటీ లేకుండ ఎన్నికయ్యెను. మే నెలలో ఎండలో నిలిచి ఓటు వేసిన ఆళ్ళగడ్డ జనులకు ఈసారి పోలింగు కేంద్రమునకు పోవలసిన పనియే లేకపోయెను. ప్రత్యర్థులు చూపిన ఆ మర్యాద మెచ్చదగినదే. అయినను ఓటరుకు ఎన్నుకొను అవకాశము తప్పినదనుటయు నిజమే.

నాగిరెడ్డి కూతురితో కూడ 2016లో తెలుగుదేశములో చేరెను. 2017 మార్చి 12న ఆళ్ళగడ్డలో గుండెపోటు వచ్చి ఆయనయు మరణించెను. ఆ యేడు ఆగస్టులో నంద్యాలకు ఉపయెన్నిక జరుగగా ఆయన అన్న కుమారుడు భూమా బ్రహ్మానందరెడ్డి గెలిచెను. అంతకుముందే, ఏప్రిలులో, అఖిలప్రియ రాష్ట్రమంత్రి యయ్యెను. 2019 సార్వత్రిక ఎన్నికలలో ఆళ్ళగడ్డ ఓటర్లు ఆమెను ఓడించి ప్రత్యర్థియైన గంగుల బ్రిజేంద్రరెడ్డిని గెలిపించిరి. 2024లో మరల ఆమెనే ఎన్నుకొనిరి.